మలేరియా కిట్‌లో ఫాల్సిపారం, స్లైడ్‌లో వైవాక్స్.. పీసీఆర్ చేయించాలా?

ప్రశ్న: మాది ఏటూరునాగారం. మా తమ్ముడికి 30 ఏళ్లు, 60 కిలోలు. మూడు వారాల కింద చలిజ్వరం వస్తే కిట్ టెస్టులో ఫాల్సిపారం అన్నారు. మూడు రోజుల గోలీలు పూర్తిగా వేసుకున్నాడు. ఇప్పుడు మళ్లీ జ్వరం. కిట్‌లో మళ్లీ ఫాల్సిపారం గీతే వచ్చింది, స్లైడ్ చూసినవాళ్లేమో వైవాక్స్ అంటున్నారు. వరంగల్ పోయి పీసీఆర్ చేయించమన్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ఫాల్సిపారం, వైవాక్స్ అనేవి రెండు రకాల మలేరియా పరాన్నజీవులు. వైవాక్స్ ఉందన్నది నమ్మండి, అది మైక్రోస్కోప్‌లో కంటితో చూసి చెప్పిన మాట. కిట్‌లో ఫాల్సిపారం గీత పరాన్నజీవిని చూసి పడేది కాదు, అది వదిలే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీన్‌ను బట్టి పడుతుంది. జీవి చచ్చాక కూడా ఆ ప్రొటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది. కాబట్టి ఇది పాత జ్వరం తాలూకు గీతే కావచ్చు. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి, ఫాల్సిపారం తగ్గాక లేవడం తరచూ చూసేదే.

ఫాల్సిపారం కొంచెం మిగిలిందా అన్నదే అసలు అనుమానం. మైక్రోలీటర్ రక్తంలో 50 జీవులకు తగ్గితే మామూలు ల్యాబ్ స్లైడ్‌లో దొరకడం కష్టం. జీవి డీఎన్‌ఏను పెంచి చూసే పీసీఆర్ ఐదారున్నా పట్టేస్తుంది.

మందు మొదలుపెట్టకముందే 2 మి.లీ. రక్తం ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చూసే పదార్థం) ట్యూబులో తీయించండి. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గడ్డకడితే పనికిరాదు. ఆకుపచ్చ మూతది వద్దు. అందులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుని, జీవి ఉన్నా ‘నెగెటివ్’ చూపిస్తుంది. ఐస్‌ప్యాక్ డబ్బాలో పంపండి.

నెస్టెడ్ పీసీఆర్‌లో ముందు అన్ని మలేరియా జీవులకూ ఉమ్మడిగా ఉండే 18ఎస్ జన్యుభాగాన్ని, తర్వాత ఒక్కో రకానిదీ విడిగా పెంచుతారు. ఆ డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్‌పై 205 బేస్ పెయిర్ల (డీఎన్‌ఏ పొడవు కొలత) దగ్గర గీత పడితే ఫాల్సిపారం, 120 దగ్గరైతే వైవాక్స్. రెండూ పడితే మిశ్రమం. మధ్యలో ట్యూబులు తెరుస్తారు కాబట్టి ఒకరి నమూనా మరొకరి దాంట్లో కలిసే ప్రమాదం ఉంది. రక్తం కలపని ఉత్త నీళ్ల ట్యూబులోనూ (నెగెటివ్ కంట్రోల్) గీత కనిపిస్తే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చేయాల్సిందే. నెగెటివ్ కంట్రోల్ సరిగ్గా వచ్చిందా అని ల్యాబ్‌ను అడగడానికి మొహమాటపడకండి. ఇంకో మెలిక, చచ్చిన జీవి డీఎన్‌ఏ కూడా కొన్నాళ్లు పాజిటివ్ ఇవ్వగలదు. సన్నని గీతను ఒంటరిగా నమ్మొద్దు.

రిపోర్టు కోసం మందు ఆపొద్దు. ఇలాంటి అనుమానంలో ఒక్క క్లోరోక్విన్‌తో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు, ఫాల్సిపారం దానికి లొంగదు. ఆర్టిమెథర్-ల్యుమెఫాంట్రిన్ రెండింటినీ చంపుతుంది, మీ డాక్టర్‌తో మాట్లాడండి. కాలేయంలోని వైవాక్స్‌కు ప్రైమాక్విన్ రోజుకు 15 మి.గ్రా., 14 రోజులు. అంతకుముందు జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉందేమో చూసే పరీక్ష తప్పనిసరి, ఆ లోపం ఉంటే ఈ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మాత్రలు వేసుకుంటుండగా మూత్రం నల్లటి డికాక్షన్‌లా వస్తే ఆ పూటే ఆపి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.