పాటల ముచ్చట్లు: యాభై దాటాక ఆ ఊపు ఎక్కడిది?

ప్రశ్న: అన్నా, సెలవులకు వచ్చిన మా అబ్బాయి ఇంట్లో ఒకటే మోత. ఏందిరా ఇది అంటే డిసెండెంట్స్ అనే అమెరికా పంక్ బ్యాండ్, అంటే వేగంగా గట్టిగా వాయించే రాక్ బ్యాండ్ అన్నాడు, పన్నెండేళ్ల తర్వాత 2016లో చేసిన ఆల్బమ్ అంట, వాయించేవాళ్లందరూ యాభై దాటినవాళ్లంట. మొదట గోలగానే ఉంది గానీ రెండోసారికి నా వేళ్లు మంచం పట్టె మీద ఆడుతున్నాయి. నేను 2006 దాకా నెల్లూరులో ఆర్కెస్ట్రాకి డ్రమ్స్ వాయించినవాణ్ని. మా వాళ్లు మళ్లీ కలిసి ఈసారి సొంత పాటలు రికార్డు చేద్దామంటున్నారు. ఒకడు ఒంగోల్లో, ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాదులో. నాకు యాభై రెండు. వాళ్లకి ఆ ఊపు ఎట్టా వచ్చింది? మాకు వస్తుందా?
– ఒక పాఠకుడు, మూలాపేట, నెల్లూరు

జవాబు: వస్తుందండీ. కాకపోతే వాళ్లకి ఎలా వచ్చిందో తెలిస్తే మీకు దారి దొరుకుతుంది.

ఆ ఆల్బమ్ పేరు హైపర్‌కాఫియం స్పాజినేట్. నేను మొదటిసారి ఒంగోల్లో రైలెక్కి చెవుల్లో పెట్టుకున్నాను, కావలి రాకముందే పదహారు పాటలూ అయిపోయాయి. మొత్తం అరగంట పైచిలుకు అంతే, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని నెల్లూరు దాకా విన్నాను. ముసలితనం తెలియకుండా కప్పిపెట్టుకునే ఆయాసం అందులో ఎక్కడా లేదు, అదే నన్ను పట్టేసింది.

మీరు డ్రమ్మర్ కాబట్టి బిల్ స్టీవెన్‌సన్ సంగతి చెప్పాలి. 1977 చివర్లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్ కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్ అది, తొలి రోజులనుంచీ డ్రమ్స్ ఆయనే. 2004 ఆల్బమ్ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బ తగిలింది. బేస్ గిటార్ వాయించే కార్ల్ అల్వరెజ్‌కి 2007లో గుండెపోటు. బిల్‌కి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది, ఆ తర్వాత మెదడులో కణితి బయటపడితే 2010లో ఆపరేషన్ చేసి తీశారు. పాడే మైలో ఆకర్‌మన్ అప్పటికి మొక్కల మీద పరిశోధన చేసే సైంటిస్టుగా ఉద్యోగంలో ఉన్నాడు. ఇక ఈ బ్యాండ్ అయిపోయిందని ఎవరన్నా అనుకుంటే తప్పు పట్టలేం.

పన్నెండేళ్ల గ్యాప్ అని అందరూ అంటారు గానీ, నాకు తెలిసి అసలు రహస్యం అక్కడే ఉంది. ఆ గ్యాప్ ఆల్బమ్‌కే, వాయించడానికి కాదు. 2010 నవంబరులోనే టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో స్టేజీ ఎక్కారు, అక్కణ్నుంచి వీలైనప్పుడల్లా షోలు చేస్తూనే ఉన్నారు. ఐదేళ్లపాటు జనం ముందు చెమటలు కారేలా వాయించి, చేతులు మళ్లీ కుదిరాకే రికార్డింగుకి వెళ్లారు. ఊపు స్టూడియోలో పుట్టదండీ, బయట సంపాదించుకుని స్టూడియోకి తీసుకెళ్లాలి. కాబట్టి మీరు కూడా రేపే స్టూడియో బుక్ చేయొద్దు. ముందు ఆరు నెలలు రోజూ అరగంట ప్రాక్టీస్ ప్యాడ్ మీద నెమ్మదిగా మొదలుపెట్టండి, మణికట్టు నొప్పి పెట్టిన రోజు ఆపేయండి. ఏ వినాయకుడి పందిట్లోనో పాత పాటలే అయినా సరే నాలుగు ప్రోగ్రాములు చేయండి.

ఇక ఊళ్లు వేరని టెన్షన్ పడకండి, వాళ్లూ ఒక్కచోట కూర్చుని చేయలేదు. డ్రమ్స్, బేస్ కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, గిటార్ ఏమో స్టీఫెన్ ఎగర్టన్ తన ఊరు టల్సాలో, గొంతు డెలవేర్‌లో. మూడు చోట్ల చేసినా ఒకే గదిలో వాయించినట్టు వినిపిస్తుందంటే దానికి ఆధారం డ్రమ్సే. మీరు కూడా ముందు వేగం ఖాయం చేసుకుని, చెవిలో టిక్‌టిక్‌మని లయ చెప్పే క్లిక్ పెట్టుకుని, ఎవరన్నా ఊరికే పాడిన గైడ్ ట్రాక్ మీద డ్రమ్స్ రికార్డు చేయండి. మిగతావాళ్లకి అది పంపండి. పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత పోతుంది, వేవ్ (WAV) ఫైల్‌ని గూగుల్ డ్రైవ్ లాంటి దాంట్లో పెట్టండి, ప్రతి ఒక్కరూ తమ ఫైల్‌ని పాట మొదలైన సున్నా సెకను నుంచే ఇవ్వాలి, లేకపోతే కలిపేవాడి ప్రాణం తోడేస్తారు.

ఇంకొక్క మాట, పాటలు దేని గురించి? కుర్రతనంలో ఈ బ్యాండే తిండి మీద సరదా పాటలు కట్టింది. ఈ ఆల్బమ్‌లో డాక్టర్ బర్గర్ మానేయమన్నాడని గగ్గోలు పెట్టే పాట ఉంది, అదే వేగం, అదే అరుపు, వయసు మాత్రం నిజమైనది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలాగా నటించలేదు. మీకు డాక్టర్ కారం దోసెలో నెయ్యి వద్దన్నాడా? దాని మీద రాయండి, గట్టిగా వాయించండి. ఆర్కెస్ట్రా వాళ్లకి సొంత పాట ఎందుకని ఎవరన్నా అంటే పట్టించుకోకండి, మన బాలు గారు నడిపిన ఆర్కెస్ట్రాలోనే ఇళయరాజా వాయించారు.

ప్రశ్న: పంక్ అంటే వాయించడం రానివాళ్లు చేసే సంగీతం అని మా ఫ్రెండ్ అంటాడు. నిజమేనా సార్?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: లేదమ్మా. గిటార్ మీద మూడు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వచ్చినా చాలు, మొదలుపెట్టమని ధైర్యం ఇచ్చే సంగీతం అది. 1976లో వచ్చిన రమోన్స్ అనే అమెరికా పంక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి, అన్నీ కలిపి అరగంట కూడా లేదు. సులువుగానే అనిపిస్తుంది. గిటార్ మీద చెయ్యి పైకి కొట్టకుండా అన్నీ కిందికే కొడుతూ ఆ వేగంలో ఒక్క పాట పూర్తిగా వాయించమను మీ ఫ్రెండుని.

ప్రశ్న: మా గిటారిస్టు అన్న చనిపోయి ఆరేళ్లయింది. ఆయన వాయించిన రెండు పాటలు పాత క్యాసెట్‌లో ఉన్నాయి, గొంతు లేదు. దాని మీద మేం ఇప్పుడు పాడి రికార్డు చేస్తే తప్పవుతుందా? మనసు ఒప్పుకోవడం లేదు, వదిలెయ్యాలనీ లేదు.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తప్పు కాదు. పైన చెప్పిన డిసెండెంట్స్ బ్యాండ్‌లోనే ఇలా జరిగింది. వాళ్ల మొదటి గిటారిస్టు ఫ్రాంక్ నవెట్టా 1980లలో బ్యాండ్ వదిలేసి ఒరెగాన్ వెళ్లి సముద్రం మీద చేపల వేటకి పోయేవాడు. 2002లో పాత మిత్రులతో కూర్చుని, కుర్రతనంలో కట్టిన పాటలకి గిటార్ వాయించాడు. 2008లో చనిపోయాడు. ఆ టేపులు అలాగే ఉన్నాయి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మైలో ఆ పాటలకి గొంతు ఇచ్చాడు, 2021లో నైన్త్ అండ్ వాల్‌నట్ పేరుతో ఆల్బమ్ వచ్చింది. లాంగ్ బీచ్‌లో వాళ్లు మొదట ప్రాక్టీస్ చేసిన వీధి మూల పేరు అది. అందులో ఫ్రాంక్ గిటార్ వింటుంటే పోయినవాడి జ్ఞాపకంలా ఉండదు, పక్కన నిలబడి వాయిస్తున్నట్టే ఉంటుంది.

ముందు ఆయన ఇంటివాళ్లని అడగండి, వాళ్లు సరేనంటే ఇక మీ మనసులో మరో మాట పెట్టుకోవద్దు. క్యాసెట్‌ని అటకమీది పాత టేప్‌రికార్డర్‌లో మాత్రం వేయకండి. బెల్టు సాగిపోయి వేగం మారుతుంది, రోలర్ జిగటగా ఉంటే టేపు నమిలేస్తుంది. బాగు చేయించి, టేపుని చదివే హెడ్ తుడిపించిన డెక్‌లో వేసి, ఒక్కసారిలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. శ్రుతి కీబోర్డుతో కలవకపోతే మొత్తం రికార్డింగ్ వేగాన్నే కొంచెం సరిచేయించండి, అప్పుడు శ్రుతి, లయ రెండూ ఒకేసారి దారికొస్తాయి. గిటార్ మీద ఎఫెక్టులేవీ వేయనివ్వకండి, ఆయన చెయ్యి ఎలా పలికిందో అలాగే ఉండాలి. ఇవన్నీ తర్వాత, ఈరోజే చేయాల్సింది ఒకటుంది: క్యాసెట్ పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి, అవి ఇంకా ఉంటే విరిచేయండి. ఇక పొరపాటున కూడా ఎవరూ దాని మీద రికార్డు బటన్ నొక్కలేరు.