మీ ప్రశ్న – మా జవాబు: పది తర్వాత ఏ గ్రూపు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పాసైంది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, కానీ తనేమో లా చదువుతా, సీఈసీలో చేర్చండి అని ఒకటే పట్టు. మావారు ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయంటారు, మా అన్నయ్య ఆడపిల్లకి బైపీసీయే మంచిదంటాడు. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అన్నయ్యగారి మాట ముందు పక్కన పెట్టేద్దాం, ఆడపిల్లలకో గ్రూపు మగపిల్లలకో గ్రూపు అని ఏ బోర్డూ రాయలేదు. మీవారు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఎంపీసీ చదివితే ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏలో (సైనికాధికారుల శిక్షణ అకాడమీ) నేవీ, ఎయిర్‌ఫోర్స్ వీటికి అర్హత ఉంటుంది, బీకాం, సీఏ, లా లాంటివాటికి ఎలాగూ గ్రూపుతో పని లేదు. కానీ అన్ని దారులూ అంటే మాత్రం ఒప్పుకోను, బయాలజీ లేకపోతే వైద్య ప్రవేశ పరీక్ష నీట్ గడప తొక్కనివ్వరు, అంటే ఎంబీబీఎస్, డెంటల్ లేనట్టే. సీఈసీలో చేరితే ఇంజినీరింగ్, వైద్యం రెండూ పోతాయి, అదీ నిజమే. ఆ పోయేవాటి మీద మీ అమ్మాయికి అసలు ఆశ ఉందా అన్నదే ప్రశ్న.

గ్రూపు దగ్గర మొదలుపెడితే ఈ గొడవ తెగదు. పిల్ల ఏ కోర్సు అంటోందో ఆ ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్ తెరిచి, అర్హతలు అన్న చోట ఏ సబ్జెక్టులు అడిగారు, ఎంత శాతం అడిగారు, వయసు నిబంధన ఉందా అన్నవి చూడండి. జాతీయ లా యూనివర్సిటీలకి రాసే క్లాట్‌కి ఏ గ్రూపైనా పర్వాలేదు, ఇంటర్లో 45 శాతం మార్కులు చాలు, ఎస్సీ ఎస్టీలకి 40. పేపర్లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, చివర్న కాసిని లెక్కలు, అవీ పదో తరగతి స్థాయివే. ఈ లెక్కన సీఈసీలో చేరినందువల్ల లాకి వచ్చే నష్టమేమీ లేదు.

ఒక పని చేయండి. క్లాట్ పాత ప్రశ్నపత్రం ప్రింట్ తీసి మీ అమ్మాయి చేతిలో పెట్టండి. పేజీల నిండా పొడుగు పొడుగు పేరాలే ఉంటాయి, అవి చదివి జవాబు రాయాలి. గంట గడిచినా విసుక్కోకుండా పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదువుతుంటే నిశ్చింతగా సీఈసీలో చేర్చేయండి. రెండో పేజీకే ఫోన్ తీసిందంటే మాత్రం కోరిక ఇంకా గట్టిపడలేదని, అప్పుడు లెక్కలు వచ్చిన పిల్ల కాబట్టి ఎంపీసీ మేలు, తర్వాత మనసు మారకపోయినా లాకి వెళ్లడానికి అడ్డేం ఉండదు.

ఎంపీసీలోనే చేర్చినా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు మార్కుల మెమో తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకే. ఇంటర్లో మాత్రం వెయ్యికి 738. కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీ ఎన్ఐటీలో సీటుకి ఇంటర్లో 75 శాతం ఉండాలి (ఎస్సీ ఎస్టీలకి 65), లేదంటే తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైన ప్రతి వందమందిలో పై ఇరవై మందిలో అయినా ఉండాలి, వాడికి రెండూ లేవు. మెమో చూస్తే మాథ్స్, ఫిజిక్స్ దివ్యంగా ఉన్నాయి, ఇంగ్లిష్, సంస్కృతం మునిగిపోయాయి. ఆ వెయ్యిలో నాలుగొందల మార్కులు రెండు భాషలవే మరి, కోచింగ్ గొడవలో పడి వాటిని ఎవరూ పుస్తకం కింద లెక్కపెట్టరు! మార్కులు పెంచుకునేందుకు మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాసి గట్టెక్కాడనుకోండి, కానీ ఏడాది పోయింది.

ప్రశ్న: ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. ఇప్పుడు డాక్టర్ అవ్వాలనిపిస్తోంది. నాన్నకి ఇంకా చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి బైపీసీ చదవాలా సార్? టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థి

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. ఒకప్పుడైతే అవుననే చెప్పేవాణ్ణి. ఇంటర్ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డులో బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనవాళ్లూ నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో నోటీసు ఇచ్చింది. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో ఒక్క సబ్జెక్టుకి కూడా చేరొచ్చు. అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ అయితే 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అయితే 40 శాతం రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి, సీటు వచ్చే సంవత్సరం డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. బయాలజీకి ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి, పుస్తకం బట్టీ పట్టేస్తే సరిపోదు.

ఇప్పుడు ఎంపీసీ వదిలెయ్యకు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు నీకు రేపు అక్కడా కావాలి. నీట్ 720 మార్కుల్లో సగం బయాలజీదే, అందులో నువ్వు రెండేళ్లు వెనకున్నావు, కాబట్టి ఒక ఏడాది అదనంగా పడుతుందనుకో. ఆ ఏడాది సంగతి మీ నాన్నకి పరీక్షలయ్యాక కాదు, ఫీజు కట్టకముందే చెప్పు.