ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, నాకు 26 ఏళ్ళు. బెంగళూరులో ఈవెంట్ కంపెనీలో చేస్తాండా, నెలకు 38 వేలు. యూకేలో ఆర్ట్స్ అండ్ మీడియా మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి సీటొచ్చింది, ఏడాది కోర్సు, అన్నీ కలిపి 25 లక్షలు. నాయన పొలం పెడతానంటే బ్యాంకోళ్ళు ఒప్పుకోలేదు, ఇంటి కాగితాలు అడుగుతాండారు. పెట్టమంటావా?

జవాబు: ముందు సీటొచ్చినందుకు సంతోషం తల్లీ. ఆర్ట్స్ చదివి ఏం చేస్తావని నేనైతే అడగను, మన అనంతపురం లలితకళా పరిషత్‌లో నాటకాలు చూసి పెరిగినోణ్ణి, మన ఊర్లో వేషం కట్టేవాళ్ళకేం కొదవలేదు, స్పాన్సర్‌ని పట్టుకొచ్చి టికెట్లు అమ్మి హాలు బాడుగ లెక్క చూసేవాళ్ళే దొరకరు. నా పేచీ చదువుతో కాదు, ఆ 25 లక్షలతోనే.

పొలం ఎందుకు వద్దన్నారంటే, బాకీ కట్టకపోతే కోర్టుకు పోకుండానే ఆస్తి వేలం వేసే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, ఇంటికి వర్తిస్తాది. నాయన సంతకం పెట్టేది దేనికో ఇది చదివి వినిపించు.

ఇంక లెక్క. వడ్డీ 11 శాతం, పదేళ్ళు అనుకుంటే ఈఎంఐ 34,400 చిల్లర. కన్సల్టెన్సీ వాళ్ళు ఇంతవరకే చెప్పింటారు. కోర్సు ఏడాది, ఆపైన ఇంకో ఏడాది కలిపి మారటోరియం, అంటే ఈఎంఐ కట్టక్కర్లేని గడువు, అప్పుడు నువ్వు కట్టకపోయినా వడ్డీ నడుస్తానే ఉంటాది, ఏడాదికి 2.75 లక్షల చొప్పున రెండేళ్ళకు 5.5 లక్షలు అసల్లో కలుస్తాయి (విడతలుగా ఇస్తే కొంచెం తగ్గొచ్చు), అప్పుడు ఈఎంఐ 42 వేలు. నీ ఇప్పటి జీతం మొత్తం పెట్టినా చాలదు. చదువు లోన్ వడ్డీ చూపిస్తే టాక్స్ మిగులుతాదని కూడా చెప్పింటారు, అది పాత టాక్స్ పద్ధతిలోనే ఉంది, అయినా నీ జీతానికి టాక్సే పడదు కదా, మిగిలేదేముంది.

అక్కడే ఉద్యోగం చేసి తీరుస్తా అంటావేమో. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకు రెండేళ్ళు కాదు, 18 నెలలే. ఆ తర్వాత ఉద్యోగం మీద ఉండే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే కొత్తగా చేరేవాళ్ళకైనా ఏడాదికి కనీసం 33,400 పౌండ్ల జీతం చూపించాల, నాటకశాలల్లో, మ్యూజియంలలో మొదటి ఉద్యోగానికి అంత ఇచ్చేది తక్కువ. అందుకే తిరిగొచ్చి బెంగళూరులో 60 వేలకు చేరితే ఏమైతాదో చూడు, 42 పోతే 18 వేలు, దాంట్లోనే బాడుగ, తిండి.

నన్నడిగితే ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనీ. యూనివర్సిటీని అడిగి సీటు ఒక ఏడాది వాయిదా వేయించుకో, ఈలోపు యూకే ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు అప్లై చెయ్యి, రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాల, వస్తే ఫీజు, ఖర్చులు వాళ్ళవే. పోటీ గట్టిదే, రాకపోవచ్చు కూడా. రాకపోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ చూడు, కమ్యూనికేషన్, థియేటర్ రెండూ ఉన్నాయి, నువ్వు కోరిన కోర్సు అచ్చంగా అదే కాదు గానీ ఫీజు కోసం ఇల్లు పెట్టే పనిలేదు. లోన్ కావాల్సొచ్చినా 7.5 లక్షల లోపు అయితే మామూలుగా ఆస్తి అడగరు, జామీను ఉంటే చాలు. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పో, అట్లా కట్టేవాళ్ళకు చాలా బ్యాంకులు వడ్డీ ఒక శాతం దాకా తగ్గిస్తాయి, సంతకానికి ముందే మేనేజర్‌ని అడిగి కాగితం మీద రాయించుకో.