కాలనీ వీధి నుంచి హైవే దాకా: రోడ్డు భద్రతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు హైదరాబాద్ శివారు కాలనీల నుంచే వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేసి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కాలనీ పెద్ద వీధిలో కుర్రాళ్లు బండ్లు ఆపకుండా ఉరికిస్తున్నారు. అసోసియేషన్ డబ్బుతో మేస్త్రీని పిలిచి సిమెంటు స్పీడ్ బ్రేకర్ వేయించుకుందాం అంటున్నారు. వేయించవచ్చా? (బోడుప్పల్)

వద్దు. వీధి కాలనీది అనుకుంటాం కానీ రోడ్డు స్థానిక సంస్థది. మీరు వేసిన దిమ్మె మీద రాత్రిపూట ఎవరైనా పడి తల పగిలితే, దాన్ని వేయించిన వాళ్లెవరని మొదట మీ అసోసియేషన్‌నే అడుగుతారు.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మామూలు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటితే కుదుపు ఉండదు, అంతకన్నా వేగంగా పోతే ఎగురుతుంది. బైకు రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, చిన్న కారుకు రెండున్నర మీటర్లు. దిమ్మె 3.7 మీటర్లుంటే రెండు చక్రాలూ ఒకేసారి దాని మీదుంటాయి, బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మేస్త్రీ వేసేది మాత్రం అడుగు, అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు. ముందు చక్రం దిగేసరికి వెనక చక్రం ఎక్కుతుంది. వెనక కూర్చున్న ఆడమనిషి, అందులోనూ ఒక పక్కకు కూర్చున్నావిడ, జారిపడేది ఇక్కడే. కార్ల అడుగుభాగం రాసుకుంటుంది. 108 బండిలో వెన్నెముక దెబ్బతిన్న మనిషి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

రబ్బరు ముక్కలు బోల్టులతో బిగించే రకాలు చూడ్డానికి బాగుంటాయి. కొన్ని నెలల్లో లారీ తొక్కుళ్లకు బోల్టులు వదులై ఒక్కో ముక్కా ఊడిపోతుంది. మిగిలిన బోల్టు తలలు టైర్లు చీలుస్తాయి. రోజూ ఎవరో ఒకరు బిగించి చూసే గేటెడ్ కమ్యూనిటీ లోపల తప్ప వాటి జోలికి పోవద్దు.

కావాల్సిందే అనుకుంటే స్థానిక సంస్థ ఇంజినీరింగ్ విభాగానికి దరఖాస్తు రాయండి, ట్రాఫిక్ పోలీసులకు ఒక కాపీ ఇవ్వండి. అందులో ఇవి అడగండి: 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, దిమ్మె మీద నలుపు తెలుపు పట్టీలు, పక్కనే వీధిదీపం, వాన నీరు పోవడానికి రెండు అంచుల దగ్గర ఖాళీ. నీటికి దారి వదలకపోతే దిమ్మెకు ఎగువన మడుగు కట్టి తారు లేచిపోతుంది, ఆరు నెలల్లో స్పీడ్ బ్రేకర్ పక్కనే గుంత తయారవుతుంది. పొడవైన వీధికి ఒక్క దిమ్మె చాలదు. దాన్ని దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తిప్పుతారు. 100 నుంచి 120 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటేనే వేగం కట్టడిలో ఉంటుంది. అన్ని వేయలేమంటే, మా ఉద్దేశంలో, అసలు వేయకుండా మూలల దగ్గర పార్కింగ్ తీయించడమే మేలు.

ప్రశ్న: మా కాలనీ రోడ్డు విజయవాడ హైవేలో కలిసే చోట తరచూ ప్రమాదాలు అవుతున్నాయి. అడిగితే "బ్లాక్ స్పాట్ జాబితాలో లేదు" అంటున్నారు. ఎవరికి చెప్పుకోవాలి? (హయత్‌నగర్)

ముందు ఆ జాబితాలోకి ఒక చోటు ఎలా ఎక్కుతుందో చూడండి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, గడచిన మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో, మరణాలు లేదా తీవ్ర గాయాలతో 5 ప్రమాదాలు జరిగి ఉండాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. లెక్క పోలీసు రికార్డులదే. కాలు విరిగినా "ఆసుపత్రి ఖర్చు ఇస్తాలే" అని రోడ్డు మీదే రాజీ పడితే, ఆ ప్రమాదం కాగితం మీద లేనట్టే. శివారుల్లో ఇలాంటి రాజీలు చాలా ఎక్కువ. కాబట్టి తీవ్ర గాయమైన ప్రతిసారీ ఎఫ్‌ఐఆర్ అయ్యేట్టు చూడండి. స్థలం "హయత్‌నగర్ దగ్గర" అని కాకుండా కరెంటు స్తంభం నంబరుతోనో, కిలోమీటరు రాయితోనో రాయమనండి. పోలీసులు ఇప్పుడు ప్రమాద స్థలాన్ని ఆన్‌లైన్ రికార్డులో మ్యాపు మీద గుర్తు పెడతారు. ఆ గుర్తు రెండు వందల మీటర్లు పక్కకు పడితే ప్రమాదాలు రెండు చోట్లకు చీలిపోయి, ఏ చోటూ జాబితాకు ఎక్కదు.

ఇక రోడ్డు ఎవరిది? కిలోమీటరు రాయి తల పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నలుపు లేదా నీలమైతే నగర, జిల్లా రోడ్డు, నారింజైతే గ్రామీణ రోడ్డు. విజయవాడ వైపు పోయే 65, మేడ్చల్, శంషాబాద్ వైపు పోయే 44, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ పోయే 163, ఇవన్నీ జాతీయ రహదారులే. అయితే ఒకే హైవేలో ఒక ముక్క జాతీయ రహదారుల సంస్థ చేతిలో, ఇంకో ముక్క రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖ జాతీయ రహదారుల విభాగం చేతిలో ఉండొచ్చు. పొరపాటు కార్యాలయానికి ఇచ్చిన అర్జీ బల్లలు మారుతూ తిరుగుతుందే తప్ప పని కాదు. జాతీయ రహదారి మీది సమస్యకు 1033కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవచ్చు.

అర్జీలో "చాలా ప్రమాదకరం, దయచేసి సిగ్నల్ పెట్టండి" అని రాస్తే ఎవరూ కదలరు. కొలిచి రాయండి. మీ వీధిలోంచి హైవేలోకి తిరిగే బండి ఆగే చోట, డ్రైవరు కంటి ఎత్తు అంటే సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి ఫోటో తీయండి. వచ్చే బండి ఎంత దూరం నుంచి కనబడుతోందో టేపుతో కొలవండి. డ్రైవరు చూసి, బ్రేకు వేసి, బండి ఆగడానికి గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 45 మీటర్లు, 60లో 80 మీటర్లు, 80లో 120 మీటర్లు కావాలి. మీ మూల మీద ఫ్లెక్సీ వల్లనో, చెరకు రసం బండి వల్లనో ముప్పై మీటర్లే కనబడుతుంటే, కారణం మీ ఫోటోలోనే ఉంది. చాలా జంక్షన్లలో సిగ్నల్ కన్నా ముందు చేయాల్సింది ఆ ఫ్లెక్సీ తీయించడం, మూల నుంచి పార్కింగ్ దూరం జరపడం, ఆరిపోయిన దీపం వెలిగించడం. ఖర్చు తక్కువ, పని ఒక్క రోజుది.

అర్జీ రోడ్డు యజమాని శాఖ ఇంజినీరుకు, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రత కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కనుక సోమవారం ప్రజావాణిలో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు దొరకదు. "ఫలానా తేదీ అర్జీపై తీసుకున్న చర్య, స్థల పరిశీలన నివేదిక కాపీ, ఈ ముక్క నిర్వహణ కాంట్రాక్టరు ఎవరు, లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా" అని రికార్డు అడగండి. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ కలిగితే, రోడ్డు సంస్థకో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా వేయడానికి మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అర్జీలో ఆ సెక్షన్ ఒక లైనులో ప్రస్తావించండి. చదివేవాళ్లు ఇంకోసారి చదువుతారు.

ప్రశ్న: యూటర్న్ కిలోమీటరు పైన ఉంది. అందరూ రాంగ్ రూట్‌లోనే వస్తున్నారు. మా ఎదురుగా డివైడర్ పగలగొట్టించి దారి ఇప్పిస్తే? (కొంపల్లి)

డివైడర్ వెడల్పు కొలవండి. మామూలు కారు పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. డివైడర్ అంతకన్నా సన్నగా ఉంటే, తిరగడానికి ఆగిన కారు వెనక భాగం వేగంగా వచ్చే లైనులో మిగిలిపోతుంది. రాంగ్ రూట్ ప్రమాదం తగ్గి, వెనక నుంచి గుద్దే ప్రమాదం పెరుగుతుంది. ఇప్పుడున్న యూటర్న్‌ను దగ్గరకు జరపమని, లేదంటే సర్వీస్ రోడ్డును రెండు వైపులా నడిచేట్టు గుర్తులు వేయమని అడగండి. ఎదురు దిశలో నడపడం చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, రెండూ కూడా పడవచ్చు.

ప్రశ్న: స్కూలు బస్సు మా గేటు దగ్గరే ఆగుతుంది. ఇంకా ఏం చూసుకోవాలి? (బీరంగూడ)

బస్సు ముందు రెండు మూడు మీటర్ల దాకా నిలబడ్డ చిన్నపిల్లలు డ్రైవరుకు కనబడరు. ఎత్తు సీటు, కింద బానెట్ అడ్డం. పత్రికల్లో పదేపదే వచ్చే విషాదం ఒకే తీరుగా ఉంటుంది: అక్కనో అన్ననో ఎక్కించడానికి అమ్మ వస్తుంది, నడక నేర్చిన చిన్నవాడు వెంట వచ్చి బస్సు ముందుకు పోతాడు, పెద్దపిల్ల ఎక్కగానే డ్రైవరు కదిలిస్తాడు. బస్సు దగ్గరికి పోయేటప్పుడు చిన్నవాడిని చంకన ఎత్తుకోండి, లేదా ఇంట్లో ఎవరి దగ్గరైనా వదిలి రండి. చెయ్యి పట్టుకున్నాం కదా అంటే కుదరదు. పెద్దపిల్ల బ్యాగు అందించేటప్పుడు ఆ చెయ్యే వదిలేస్తాం.

బస్సు దిగిన పిల్ల రోడ్డు దాటాల్సి ఉంటే బస్సు వెళ్లిపోయాకే దాటాలి. బస్సులో సహాయకుడు ఉండాల్సిందే. అతను దిగి, పిల్లల్ని పక్కకు తెచ్చి, బస్సు చుట్టూ చూసి చెప్పాకే డ్రైవరు కదపాలి. కాలనీలో బస్సును వెనక్కి తిప్పకూడదని స్కూలుకు రాసివ్వండి. బస్సు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కనబడతాయి. మన రాష్ట్రాల్లో బడి బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది కాబట్టి జూన్‌లో బడి తెరిచిన వారంలోనే చూసుకోండి.

ప్రశ్న: మూడేళ్ల పాపను బండి మీద తీసుకెళ్లాలంటే హెల్మెట్ ఉండాలా? (నాచారం)

ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్, దాంతోపాటు నడిపేవారి ఒంటికి కట్టే సేఫ్టీ హార్నెస్ ఉండాలని, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లతో సమానంగా హెల్మెట్ తప్పనిసరి. హార్నెస్ కనీసం 30 కిలోలు మోయగలగాలి, పట్టీలు సైజు మార్చుకునేలా ఉండాలి. హెల్మెట్ మీ తలది పాపకు పెట్టడం వృథా: పెద్ద హెల్మెట్ జారి కళ్లు మూస్తుంది, పడ్డప్పుడు ఊడిపోతుంది. పాపను ముందు నిలబెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డది. సడన్ బ్రేకుకు మొదట హ్యాండిల్‌కు తగిలేది ఆ ముఖమే.

ప్రశ్న: పదహారేళ్ల అబ్బాయికి ఎలక్ట్రిక్ స్కూటీకి లైసెన్స్ అక్కర్లేదని షాపులో చెప్పారు. నిజమేనా? (ఉప్పల్)

వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు, మోటారు 250 వాట్లలోపు ఉన్న ఆమోదిత మోడళ్లకే ఆ మినహాయింపు. షాపులో లాక్ తీసి 40, 45 పోయేట్టు చేస్తే అది మామూలు మోటారు వాహనమే. అప్పుడు లైసెన్స్ లేని మైనర్ నడిపినట్టు లెక్క. తల్లిదండ్రులకో యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పైగా అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఆమోదపత్రం కాపీ చూపించమని అడగండి. నీళ్లు నమిలితే వేరే షాపుకు పోండి.

ప్రశ్న: రింగు రోడ్డు సర్వీస్ రోడ్డు మీద రాత్రి లారీలు, టిప్పర్లు దీపాల్లేకుండా ఆపుతున్నారు. (ఘట్‌కేసర్)

ప్రమాదకరంగా బండి ఆపడం మోటారు వాహనాల చట్టం 122 సెక్షన్ కింద నేరం, తీయించే అధికారం పోలీసులకు 127 కింద ఉంది. 112కి ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి. ఒక్క లారీ అయితే ఫోన్ చాలు, రోజూ అదే చోట అయితే తేదీ, సమయం, ఫోటోలతో ట్రాఫిక్ స్టేషన్‌లో రాసివ్వండి. పంక్చరైన లారీ చుట్టూ రాళ్లు, కొమ్మలు పేర్చి, టైరు మార్చాక వాటిని అక్కడే వదిలి పోయేవాళ్ల గురించి కూడా ఆ ఫిర్యాదులో రాయండి. లారీ కన్నా ఆ రాళ్ల మీద పడే బైకులే ఎక్కువ.

ప్రశ్న: రోడ్డు మీద దెబ్బ తగిలి పడ్డవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగాలా? (వనస్థలిపురం)

అక్కర్లేదు. అదే చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం సాయం చేసినవారి మీద కేసు పెట్టరాదు, పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు. 2025 నుంచి తీవ్రంగా గాయపడ్డవారిని మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చినవారికి 25,000 రూపాయల పారితోషికం ఉంది. తీవ్ర గాయం అంటే పెద్ద ఆపరేషన్, కనీసం మూడు రోజుల ఆసుపత్రి, తల లేదా వెన్నెముక గాయం వంటివి. 2025 మే నుంచి క్షతగాత్రులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స దొరుకుతుంది. దీనికి పోలీసు రికార్డు అవసరం కాబట్టి 108తో పాటు 112కి కూడా ఫోన్ చేయండి.

మనిషిని లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఊపిరి అందుతున్నంతసేపూ హెల్మెట్ తీయకండి. తీయాల్సి వస్తే ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు తీయాలి. గుద్దిన బండి పారిపోతే దాని నంబరు, రంగు వెంటనే రాసుకోండి. నంబరు దొరక్కపోయినా బాధితుడి కుటుంబానికి పరిహారం ఉంది: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ కాపీలతో తహసీల్దారు లేదా ఆర్డీఓ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి.