బ్రేక్ పెడల్ మరీ పైన అందుతోందా? అనుమానించండి

ప్రశ్న: మాది కల్వకుర్తి. నాన్నగారు వాడిన 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 నా దగ్గరుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) పాత సింగిల్ లైన్‌ది. ఈమధ్యే దానికి కొత్త కిట్ (లోపలి రబ్బరు వాషర్ల సెట్) వేయించాను. అప్పట్నుంచి పెడల్ కాలు పెట్టగానే అందుతోంది. ఇంటిల్లిపాదీ శ్రీశైలం బయల్దేరాం. దోమలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగుతుంటే పెడల్ ఒక్కసారిగా నేలకు పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి ఆపగలిగాను. గంటసేపు ఆగితే బ్రేకు మళ్లీ మామూలైంది! ఆయిల్ చుక్క కూడా తగ్గలేదు. మెకానిక్ కిట్ మళ్లీ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు ఆ కిట్‌ను ఎలా బిగించారో చూడాలి. ఆ మలుపుల్లో మీరు చేసిన పని సరైనదే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీద నడుస్తుంది, ఆయిల్‌తో దానికి పని లేదు. అందుకే అది మిమ్మల్ని కాపాడింది.

మీ ఉత్తరంలో నాకు పట్టుబడిన మాట 'కాలు పెట్టగానే అందుతోంది' అన్నది. చాలామంది దాన్ని మంచి బ్రేకు అనుకుంటారు. మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది. కాలు తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కొచ్చి ఆ రంధ్రాన్ని వదిలితేనే లైన్‌లోని ఆయిల్ డబ్బాలోకి తిరిగొస్తుంది. పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే పుష్ రాడ్‌ను పొడవుగా సెట్ చేసి పెడల్‌కు ప్లే (కాస్త ఖాళీ కదలిక) లేకుండా చేస్తే రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇక షూలు (డ్రమ్ము లోపలి గోడకు నొక్కుకునే బ్రేకు ముక్కలు) డ్రమ్ముల్ని వదలవు. రాపిడికి వేడి, వేడికి ఆయిల్ పొంగడం, పొంగేకొద్దీ ఇంకా బిగుసుకోవడం. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక అడవిలో ఎక్కడో ఇది మొదలై ఉంటుంది, ఘాట్ దాన్ని చివరికి తెచ్చింది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అలా నీరు చేరినది 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది, తొక్కితే ఆవిరి నలుగుతుంది తప్ప షూలు కదలవు. చల్లారగానే ఆవిరి మళ్లీ ఆయిలవుతుంది. గంట తర్వాత బ్రేకు రావడం అందుకే. షూల మీది లైనర్లు కాలి పట్టు పోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మీది ఆ కేసు కాదు.

తేల్చుకోవడం ఇలా. పెడల్‌ను వేలితో నొక్కండి. బరువు తగిలేముందు కాస్త ఖాళీగా కదలాలి. కదలకపోతే పుష్ రాడ్ సరిచేయించండి. తర్వాత ఊళ్లోనే నెమ్మదిగా కొంతదూరం తిప్పి, డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి చూడండి, తాకొద్దు. నాలుగూ కాలుతుంటే తప్పు మాస్టర్ దగ్గరే. వెనకవి రెండే అయితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగువు చూడాలి. ఒక్కటే కాలుతుంటే ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, పట్టేసి ఉండగానే ఎయిర్ తీసే నిప్పిల్ కొంచెం వదలండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందంటే రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి మూసేసిందన్నమాట. పైకి కొత్తదానిలా కనిపించినా మార్చేయండి. అప్పటికీ తిరగకపోతే స్ప్రింగులో, షూలను నెట్టే వీల్ సిలిండరో జామ్.

మెకానిక్‌ను ఇంకొకటి అడగండి, కిట్ వేసేటప్పుడు సిలిండర్‌ను దేంతో కడిగాడని. పెట్రోలు, కిరోసిన్ తగిలితే రబ్బరు వాషర్లు ఉబ్బి అదే రంధ్రాన్ని మూస్తాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. అలా జరిగి ఉంటే మాత్రం కిట్ మార్చాల్సిందే. ఏ కారణం తేలినా పాత ఆయిల్ మొత్తం తీసి, సీలు విప్పని డబ్బాలోది పోయించి, నాలుగు చక్రాలకూ ఎయిర్ తీయించండి. ఇవన్నీ అయ్యేదాకా ఇంటివాళ్లను ఎక్కించుకుని ఊరు దాటకండి, దయచేసి. డ్రమ్ములు కాలుతున్నప్పుడు నీళ్లు పోయకండి, పగులుతాయి.

ప్రశ్న: నల్లగొండలో మా ప్రీమియర్ పద్మినికి వాన తర్వాత బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది. ముందు కూడా డ్రమ్ములే. ఎడమ డ్రమ్ము విప్పాలా?

జవాబు: ముందు కుడిది. ఎడమకు లాగుతోందంటే తరచుగా కుడిది పనిచేయడం లేదని అర్థం. నీళ్లలో తడిసిందేమో, ఖాళీ రోడ్డు మీద పెడల్ లైటుగా తొక్కుతూ కొంతదూరం నడపండి, ఆరిపోతే సరే. ఆరినా లాగుతుంటే కుడి డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల జిడ్డుగా తడి ఉంటే లీకే. సిలిండర్ బాగుచేయించి, లైనర్లు రెండు పక్కలా మార్పించండి. ఆయిల్ తాగిన లైనర్‌ను రుద్ది మళ్లీ వేయనివ్వకండి.

ప్రశ్న: డాట్ 3 ఉన్నదాంట్లో డాట్ 5 కలపొచ్చా? (దేవరకొండ)

జవాబు: కలపకూడదు. డాట్ 5 సిలికాన్ రకం, మీ ఆయిల్‌లో కలవదు. డాట్ 4 అయితే పోసుకోవచ్చు.