తీర్మానాల పుస్తకం గడప దాటకూడదు: సర్పంచ్ అయిన మేనకోడలికి మామయ్య లేఖ

ఒంగోలు.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నీవు ఫోనులో చెప్పిన సంగతులు రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉన్నాయి. కావలసినంత మంది మెంబర్లు రాక, కోరం లేక పంచాయతీ సమావేశం వరుసగా రెండు నెలలు వాయిదా పడిందనీ, ఉపసర్పంచ్ గారూ ఆయన వెంట ఉన్న నలుగురు మెంబర్లూ ఊళ్లోనే ఉండి కూడా రాలేదనీ, ఎదురుపడితే మాత్రం నవ్వుతూనే పలకరిస్తున్నారనీ అన్నావు. వాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పమని అడిగావు. ఇది ఫోనులో తేలే వ్యవహారం కాదు గనుక రాస్తున్నాను. పంచాయతీ కార్యదర్శిగానూ, చివరి కొన్నేళ్లు మండలంలో విస్తరణాధికారిగానూ కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తిరిగినవాణ్ని. ఇందులో నీకు నచ్చని మాటలు కూడా ఉంటాయి.

ఎలా మాట్లాడాలన్నది తరువాత చూద్దాం. అసలు వాళ్లకు ఊరి పనులు ఎవరి ద్వారా, ఎప్పుడు తెలుస్తున్నాయో ముందు గమనించు. పల్లెల్లో నాయకుల మధ్య అనుమానం డబ్బు దగ్గర పుడుతుందని అందరూ అంటారు గాని, నేను చూసినంతలో అంతకంటే ముందే "నాకు ఎవరూ చెప్పలేదు" అన్న దగ్గర పుడుతుంది. తన వార్డులో కాలువ తవ్వడానికి జేసీబీ వచ్చిందని మెంబరుకు టీ అంగడి దగ్గర తెలిస్తే, ఆ కాలువ ఎంత బాగా కట్టినా ఆయన నోట మంచిమాట రాదు. "ఏమయ్యా, మన వీధి పని నీకే తెలియదా?" అని పక్కింటివాడు అడిగిన మాట ఆయనకు ఐదేళ్లూ గుర్తుంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సమావేశాలకు ఎవరూ రారన్న నెపంతో తీర్మానాల పుస్తకాన్ని అటెండరు చేతికిచ్చి, ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించుకోవడం మామూలుగా ఉండేది. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదని నాకు తెలుసు. ఒక వేసవిలో వీధి దీపాల కొనుగోలు, బోరు మోటారు మరమ్మతు, పాత బకాయిల చెల్లింపు మూడింటినీ ఒకే పేజీలో రాశాను. అటెండరు సెలవులో ఉండటంతో పుస్తకం పట్టుకుని నేనే బయలుదేరాను. ఒక పెద్దాయన అప్పుడే పొలం నుంచి వచ్చి, మట్టి చేతులు పంచెకు తుడుచుకుని, అరుగు దగ్గర నిలబడే పుస్తకం అందుకున్నాడు. కళ్లజోడు ఇంట్లో ఉంది. "ఏం రాశావయ్యా?" అని అడిగితే "మోటారు రిపేరు సంగతండీ" అన్నాను. ఆయన నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు. నాలుగు నెలల తరువాత గ్రామసభలో ఒక కుర్రవాడు లేచి వీధి దీపాల ధర అడిగి, "మీరూ సంతకం పెట్టారు కదా" అని నలుగురిలో ఆయనను నిలదీశాడు. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు గాని, ఒక్క మాటా అనలేదు. ఆ తరువాత ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆయనను చూసి మరో ఇద్దరు మానుకున్నారు. ధరలో మోసమేమీ లేదని ఆడిట్‌లో తేలినా, నేను బదిలీ అయి వెళ్లేదాకా ఆ ముగ్గురూ నన్ను మళ్లీ నమ్మలేదు.

కాబట్టి నీవు ముందుగా చేయవలసింది, తీర్మానాల పుస్తకం పంచాయతీ ఆఫీసు గడప దాటకుండా కట్టడి చేయడం. సమావేశంలో ఏం నిర్ణయించారో అక్కడికక్కడే కార్యదర్శి చేత రాయించు, రాసినదాన్ని గట్టిగా చదివించు, చదివిన తరువాతే సంతకాలు తీసుకో. ఎవరైనా కాదంటే వారి అభ్యంతరాన్ని వారి మాటల్లోనే పుస్తకంలో ఎక్కించు. ఇది నీకు అవమానంగా తోచవచ్చు గాని, తన అభ్యంతరం పుస్తకంలో చేరిందని తెలిసిన మనిషికి దాన్ని బజారులో చాటవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది. అజెండా విషయంలోనూ జాగ్రత్తగా ఉండు. ప్రతి పనినీ విడివిడిగా, ఏ వీధిలో, సుమారు ఎంత ఖర్చుతో, ఏ పద్దు నుంచి అన్నది తెలిసేలా రాయించి, నోటీసుతో పాటే పంపించు. అజెండా చివర "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు" అని ఒక వరుస ఉంటుంది చూడు, నా అనుభవంలో సగం తగవులు ఆ వరుస కిందనే పుట్టాయి. రూపాయి ఖర్చయ్యే ఏ అంశాన్నీ ఆ వరుసలో తీసుకోవద్దు.

ఇక నీ బలం గురించి నీకున్న లెక్కను కొంచెం సరిచేయాలి. నీవు ఓటర్లు నేరుగా ఎన్నుకున్న సర్పంచ్‌వి గనుక మెంబర్లు అవిశ్వాసం పెట్టి నిన్ను దించలేరు. ఆ మాట ఫోనులో రెండుసార్లు అన్నావు. నిజమే. కాని నిన్ను దించలేనివాళ్లకు మిగిలిన ఆయుధం రాకుండా ఉండటం ఒక్కటే. ఉపసర్పంచ్ గారు ఆ మెంబర్లే తమలో నుంచి ఎన్నుకున్న మనిషి. నీకు ఊరంతా ఓటు వేసి ఉండవచ్చు గాని, ఆ గదిలో ఉన్నవారు ఓటు వేసింది ఆయనకు. ఆయనను పక్కనబెట్టి మెంబర్లను ఒక్కొక్కరిగా నీ వైపు తిప్పుకోమని నీకు ఎవరో సలహా ఇచ్చినట్టు నీ మాటల్లో తోచింది. ఆ పని చేస్తే ఒకరిద్దరు రావచ్చు, మిగిలినవారు మాత్రం బిగుసుకుపోతారు.

ఊరి నుంచి మండల పరిషత్‌కు ఎన్నికైన ఎంపీటీసీ సంగతి కూడా ఇందులో కలిసి ఉంది. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. అందువల్ల పంచాయతీలో పైకి కనిపించని రంగు ఎంపీటీసీ అడుగు పెట్టగానే బయటపడుతుంది. ఆ ఇబ్బంది ఎందుకని చాలామంది సర్పంచ్‌లు ఎంపీటీసీకి నోటీసే పంపరు. కాని ఎంపీటీసీ పంచాయతీ సమావేశానికి శాశ్వత ఆహ్వానితుడు. ఓటు లేదు గాని మాట్లాడే హక్కు ఉంది. అలాగే మండల పరిషత్ సమావేశంలో నీవూ శాశ్వత ఆహ్వానితురాలివే. ఇక్కడ ఆయనను పిలవకుండా, అక్కడ మన ఊరి పని గురించి ఆయన నోరు విప్పాలని ఎలా ఆశిస్తావు?

డబ్బు దగ్గరకు వస్తాను. రాజ్యాంగంలోని 11వ షెడ్యూలు కింద పంచాయతీలకు 29 అంశాలున్నాయని శిక్షణలో చెప్పి ఉంటారు. ఆ లెక్క విన్న జనం, పంచాయతీకి డబ్బు కూడా అదే స్థాయిలో వస్తుందనుకుంటారు. చేతికి వచ్చేది ఇంటి పన్ను, నీటి పన్ను, స్టాంపు డ్యూటీలోనూ, రాయి, ఇసుక వంటి ఖనిజాల మీద వసూలయ్యే సీనరేజిలోనూ వాటా, ఆ తరువాత ఆర్థిక సంఘం నిధులు. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని, జీతాలకు వాడరాదు. ఈ ఒక్క నియమం మెంబర్లలో ఎంతమందికి తెలుసో అడిగి చూడు. ఖాతాలో డబ్బు కనిపిస్తున్నా తన వీధికి సిమెంటు రోడ్డు ఎందుకు వేయలేదో అర్థంకాని మెంబరు, సర్పంచ్ మింగేసిందనే అనుకుంటాడు. ఆయన స్థానంలో నీవున్నా అలాగే అనుకునేదానివి. నెల మొదటి వారంలో ఏ పద్దులో ఎంత ఉంది, పోయిన నెలలో ఎవరికి ఏ బిల్లు కింద ఎంత చెల్లించారు అన్నది ఆఫీసు బయటి గోడ మీద నల్లబల్లపై సుద్దముక్కతో రాయించు. లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అంటావేమో, రచ్చబండ మీద కూర్చునే మనిషి దారిన పోతూ చదివేది గోడ మీద రాతే.

చెల్లింపులకు వాడే నీ డిజిటల్ సంతకపు కీ కార్యదర్శి సొరుగులో ఉంటుందని మాటల మధ్య అన్నావు. ఇవాళే తెచ్చుకుని నీ బీరువాలో పెట్టుకో. కార్యదర్శి మంచివాడు కాదని నా ఉద్దేశం కాదు, నేనూ కార్యదర్శినే. రేపు ఏదైనా బిల్లు మీద ప్రశ్న వస్తే మీ ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకోవలసిన పరిస్థితి రాకూడదని చెబుతున్నాను.

నీటి ట్యాంకర్ల విషయం కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మీ ఊళ్లో తరువాతి గొడవ వచ్చేది అక్కడే. కనిగిరి ప్రాంతపు నీటిలో ఫ్లోరైడ్ సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో ట్యాంకరు శబ్దం వినగానే బిందెలు వీధిలోకి వస్తాయి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ట్యాంకరు సర్పంచ్ వీధికి రెండుసార్లు, ఎస్సీ కాలనీకి ఒక్కసారి వస్తున్నదని పుకారు పుట్టింది. లెక్క చూస్తే అది నిజం కాదు. డ్రైవరు భోజనానికి ఆ వీధి చివర ఇంటి ముందు బండి ఆపుకునేవాడు, అంతే. అయినా ఇద్దరు మెంబర్లు బిల్లుకు ఒప్పుకోలేదు. అప్పుడు మేము ట్రిప్పుకొక చీటీ పెట్టాము. బండి ఏ వేళకు, ఏ వీధికి వచ్చిందో డ్రైవరు రాయాలి, నీళ్లు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు సంతకమో వేలిముద్రో వేయాలి, సాయంత్రం ఆ వార్డు మెంబరు దాన్ని చూసి ఆఫీసులో ఇవ్వాలి. మొదటి వారం డ్రైవరు సణిగాడు. రెండో వారానికి, చీటీ లేని ట్రిప్పుకు బిల్లు లేదని బిల్లుకు ఒప్పుకోని ఆ మెంబర్లే మాతో కలిసి పట్టుబట్టారు.

మీ పాలకవర్గంలో సగం మంది ఆడవాళ్లు, అయినా సమావేశంలో వాళ్ల భర్తలే మాట్లాడుతున్నారన్నావు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన అల్లుడు మంచివాడు, ఊరి పనుల్లో నీకు తోడుగా నిలుస్తున్నాడు, అందులో నాకు సందేహం లేదు. కాని కిందటిసారి మీ ఊరు వచ్చినప్పుడు సర్పంచ్ కుర్చీ పక్కన మరొక కుర్చీ వేసి ఉండటమూ, ఇంజినీరింగ్ అసిస్టెంట్ అంచనా కాగితాన్ని ఆయన చేతికి ఇవ్వడమూ నా కళ్లారా చూశాను. నీ భర్త గదిలో ఉన్నంతకాలం మిగిలిన మెంబర్ల భర్తలను బయట ఉండమని నీవు అనలేవు. ఆ కుర్చీ తీయించు. ఆయన నొచ్చుకుంటే ఈ ఉత్తరం చూపించి, ఈ మాట అన్నది మామయ్యేనని చెప్పు. ఆ తరువాత మహిళా మెంబర్లను సమావేశానికి ఒక రోజు ముందు పొదుపు సంఘం దగ్గర కూర్చోబెట్టి అజెండా చదివి వినిపించు. మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు రాత్రి బడుల్లో ఒకే పాఠాన్ని అందరూ కలిసి చదివి, కలిసి మాట్లాడుకున్నవాళ్లే. ఆ కదలిక పెరిగి పెరిగి 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. ముందుగా విషయం తెలిసిన మనిషి నలుగురిలో మాట్లాడటానికి వెనుకాడదు.

వాట్సాప్ గ్రూపు గురించి అడిగావు. నోటీసులకు, పనుల ఫోటోలకు ఉంచుకో. ఎవరైనా అందులో నిష్ఠూరంగా రాస్తే అక్కడ జవాబు ఇవ్వకుండా వాళ్లింటికి వెళ్లు.

పక్క ఊళ్ల సర్పంచ్‌లతో కూడా ఇదే తీరుగా నడుచుకో. పది ఊళ్లకు కలిపి ఉన్న మంచినీటి పథకంలో పై ఊరివాళ్లు వాల్వు కట్టకపోతే చివరి ఊరికి నీళ్లు అందవు. వాల్వు ఏ వేళ ఎవరు తిప్పుతున్నారో తెలియనప్పుడు రెండు ఊళ్ల మధ్య కక్ష పెరుగుతుంది. మండల సమావేశంలో అధికారుల ముందు పై ఊరి సర్పంచ్ మీద ఫిర్యాదు చేయడానికి ముందు, ఆయనకు ఒకసారి ఫోను చేసి, ఇద్దరి వాటర్‌మెన్లనూ కలిపి ఒక వేళల పట్టిక రాసుకోండి. కుదరకపోతే అప్పుడు సమావేశంలో అడగవచ్చు, అలా అడుగుతానని ఆయనకు ముందే చెప్పి మరీ.

ఇప్పుడు ఉపసర్పంచ్ గారి సంగతి. తరువాతి నోటీసు పంపడానికి ముందే ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లు. వెంట ఎవరినీ తీసుకువెళ్లవద్దు. మధ్యవర్తులు ఉంటే ఆయన వారితో మాట్లాడతాడు, నీతో మాట్లాడడు. ఆయన నీ తండ్రి ఈడువాడు గనుక "పెదనాన్నా" అనే పిలుపు మానవద్దు, ఎన్నికల తరువాత "ఉపసర్పంచ్ గారూ" అని మార్చావని నాకు తెలిసింది. టీ ఇస్తే తాగు. వాయిదా పడ్డ రెండు సమావేశాల ఊసు ఎత్తకుండా, ఈ ఏడాది ఆయన వార్డులో ముందుగా ఏ పని జరగాలని కోరుకుంటున్నారో అడిగి, ఆయన చెప్పింది ఆయన ముందే ఒక కాగితం మీద రాసుకో. ఇస్తానని మాట ఇవ్వవద్దు, అజెండాలో పెడతానని మాత్రం చెప్పు, చెప్పినట్టే పెట్టు. మొదటిసారి ఆయన ముభావంగానే ఉంటాడు. ఆ సమావేశానికి కూడా రాకపోవచ్చు. అయినా ఆయన అంశం అజెండాలో ఉంది గనుక, దాన్ని కొట్టివేయకుండా తరువాతి సమావేశానికి వాయిదా వేసి, ఆ సంగతి రాతపూర్వకంగా ఆయనకు తెలియజేయి.

ఏప్రిల్ 14న జరిగే గ్రామసభలోగా ఈ పనులన్నీ మొదలుపెడితే సభలో కొంత ఊపిరి తీసుకోగలుగుతావు. ట్యాంకరు చీటీ నమూనా ఒకటి నా పాత ఫైలులో దొరికింది. దీనితో పాటు పంపుతున్నాను. కాగితం పసుపుబారింది గాని అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. జిరాక్స్ తీయించుకునేటప్పుడు కావాలంటే పై వరుసలు మార్చుకో, కింద "నీరు అందుకున్నవారి సంతకాలు" అని ఉన్న రెండు గడులను మాత్రం ఎవరు చెప్పినా తీసివేయవద్దు.

ఇట్లు,
మీ మామయ్య