ఆ మబ్బు కురవదు

అమ్మాయీ,

నీ కథ మొన్న ఆదివారం చదివాను, నిన్న మళ్ళీ చదివాను. రెండోసారి మాత్రం కోపంతో చదివాను. నాలుగో పేజీలో "ఆకాశం నిండా దూదిపింజల్లాంటి తెల్లని మబ్బులు తేలుతున్నాయి, అంతలోనే కుండపోతగా వాన మొదలైంది" అని రాశావు చూడు, అక్కడ. ఏప్రిల్ నెల, పల్నాడు, కల్లం నిండా ఆరబోసిన మిర్చి, ఆ ఇంటి ఏడాది కష్టమంతా నేల మీద పరిచి ఉంది. దాన్ని ముంచేసే వానని నువ్వు దూదిపింజల్లోంచి కురిపించావు. ఆ మబ్బు కురవదమ్మా.

ఇంత చిన్న విషయానికి ఈయన ఇంత ఉత్తరం రాయాలా అనుకుంటావేమో. నాకు ఇది చిన్నది కాదు. అప్పిచ్చిన ఆసామి చొక్కా జేబులో పెన్ను రంగు కూడా రాసినదానివి, కథని తలకిందులు చేసిన మబ్బుని మాత్రం క్యాలెండర్ బొమ్మలోంచి తెచ్చి అతికించావు. అంతకు ముందు పేజీలో "ఆవిరితో బరువెక్కిన మేఘాలు" అన్నావు. ఆవిరి కంటికి కనపడదు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు కొంచెం ఎడంగా నిలబడి చూడు. విజిల్‌కి ఆనుకుని ఒక అంగుళం మేర ఏమీ లేనట్టు ఖాళీగా ఉంటుంది. అసలు ఆవిరి అదే. ఆ పైన తెల్లగా లేచేది చల్లబడి మళ్ళీ నీళ్ళయిపోయిన సన్న తుంపర. మబ్బు కూడా అంతే, నీటి బొట్లు. బాగా ఎత్తులో అయితే మంచు పలుకులు.

ఎండకి కల్లం నేల కాలిపోతుంటే దాన్ని అంటిపెట్టుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, అందుకోసం తనలోని వేడినే ఖర్చు పెట్టుకుంటుంది, కాబట్టి కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఎక్కడో ఒక ఎత్తుకి వెళ్ళేసరికి అందులోని తేమ ఇక ఆవిరిగా ఉండలేదు. కింద 40 డిగ్రీల ఎండ ఉండి, ఆ గాలిలో తేమ 20 డిగ్రీల దగ్గర నీరయ్యేదైతే, ఆ ఎత్తు సుమారు రెండున్నర కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ ఆ 20 కూడా కొంచెం కిందికి జారుతుంది, అందుకే రెండుతో సరిపోదు. మధ్యాహ్నం పూట మబ్బులన్నిటికీ అడుగు ఒకే ఎత్తులో గీత గీసినట్టు చదునుగా ఉంటుంది, ఎప్పుడైనా గమనించావా? ఆ గీత ఇదే. పైగా తేమ ఊరికే నీరు కాదు, పట్టుకోవడానికి దానికి ఏదో ఒక రేణువు కావాలి. దుమ్మో, సముద్రపు ఉప్పో, పొగో. నీ కథలో పక్క చేలో పత్తికట్టె తగలబెడుతున్నారు కదా, ఆ పొగలోని నుసి కూడా పైకి పోయి మబ్బులో చేరుతుంది. అంత మంచి వివరం చేతిలో పెట్టుకుని ఊరికే వదిలేశావు.

అలా పుట్టిన బొట్టు ఎంతుంటుందనుకున్నావు? మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అలాంటివి పది లక్షలు కలిస్తే గానీ మామూలు వాన చినుకు ఒక్కటి తయారవదు. నీ దూదిపింజలో అవి కలవడానికి లోతూ లేదు, టైమూ లేదు. పావుగంటో అరగంటో ఉండి అంచుల నుంచి ఆరిపోతుంది. కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న అలాంటి మబ్బులో 500 టన్నుల దాకా నీళ్ళుంటాయి, అయినా ఒక్క చినుకు రాలదు.

మరి కల్లాన్ని ముంచింది ఏది? క్యుములోనింబస్. పేపర్లలో ఎండాకాలం రోజూ కనపడే మాటే. అదీ మొదట తెల్లగానే మొదలవుతుంది, కాకపోతే ఆగదు. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది, ఆ వేడికి గాలి ఇంకా లేస్తుంది, ఇంకా నీరవుతుంది, ఇంకా వేడి పుడుతుంది. కాలీఫ్లవర్‌లా ఒకదాని మీద ఒకటి పొంగుకుంటూ మన ప్రాంతంలో గంటలోపే 15 కిలోమీటర్ల ఎత్తుకి పోగలదు. ఆ పైన ఎత్తుకి పోయేకొద్దీ చల్లబడటం ఆగిపోతుంది కాబట్టి మబ్బు లేవలేక పక్కలకి పరుచుకుని, తల కమ్మరి దాగలిలా చదునైపోతుంది. అడుగు నల్లబడుతుంది. నీళ్ళకేమీ నలుపు రంగు రాలేదు, అంత మందాన్ని దాటుకుని ఎండ కిందికి దిగలేకపోతోంది. క్యుములస్ అంటే లాటిన్‌లో కుప్ప అని అర్థం. కింద అమ్మ మిర్చిని కుప్ప చేస్తుంటే పైన మబ్బు కుప్ప పోసుకుంటోంది. నీకు దూది ఎందుకమ్మా?

నువ్వు రాసిన ఒక్క వాక్యం మాత్రం నన్ను కదలనివ్వలేదు. "చల్లగాలి కొట్టింది. అమ్మ చేతిలో ముద్ద కంచంలో వదిలేసి పట్టాల కోసం పరుగెత్తింది." ఇది కల్పించింది కాదు, నాకు తెలుసు. వాన ఇంకా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పడుతుండగానే, ఆ చినుకులు కొన్ని దారిలోనే ఆరిపోతూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి నేల మీదికి కూలి నాలుగు వైపులా పరుగెడుతుంది. ఆమెకి తగిలింది ఆ గాలే. ఆ గాలికీ మొదటి చినుక్కీ మధ్య ఆమెకి దొరికింది మహా అయితే పది నిమిషాలు. నీ కథంతా ఆ పది నిమిషాల్లో ఉంది. నువ్వేమో రెండు వాక్యాల్లో దాన్ని దాటేసి, మరుసటి పేజీలో తాలుకాయ ధరకి పోయిన మిర్చి గురించి ఏడుపు మొదలుపెట్టావు.

నాకీ పట్టుదల ఎక్కడిదో చెప్తాను. నా మొదటి కథలో నేనూ ఇలాగే తెల్లటి ఈకల్లాంటి మబ్బుల్లోంచి వాన కురిపించాను. అనంతపురం వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు. "అయ్యా, ఈకల మబ్బు చూసి మా ఊళ్ళో ఎవరూ వడ్లు లోపల పెట్టుకోరు. తర్వాత మీ కథ చదవబుద్ధి కాలేదు." అంతే, ఇంకేం రాయలేదు. ఆ కార్డు చాలా ఏళ్ళు నా డ్రాయర్‌లో ఉంది. అప్పట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ అద్దె గదిలో ఉండేవాణ్ణి, తిరుగు టపాకి స్టాంపులు అంటించడానికి డబ్బులు లెక్క చూసుకోవాల్సి వచ్చేది. ఆ వానాకాలం నాలుగు నెలలూ రోజూ సాయంత్రం మేడెక్కి, ఏ మబ్బు ఎటు నుంచి వచ్చింది, కురిసిందా లేదా అని లెక్కల నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్కు పెట్టుకుని రాసిన కథలో ఆకాశం గురించి ఒక పేరా వచ్చింది, నాకు ప్రాణం లాంటి పేరా. ఒక పత్రిక ఎడిటర్ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి "వాతావరణ వార్తలు అక్కర్లేదు" అని రాసి, ఆ స్థానంలో "మేఘాలు కమ్ముకున్నాయి" అని తన వాక్యం పెట్టి అచ్చేశాడు. ఆయన ఇప్పుడు లేడు. నా కోపం మాత్రం పోలేదు.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకో రకం. మబ్బు అంటే దుఃఖం, వాన అంటే విముక్తి, పోటీలకొచ్చే కథల్లో సగం ఇదే. ముందు మబ్బుని మబ్బుగా ఉండనివ్వండి, దుఃఖం సంగతి చదివేవాడు చూసుకుంటాడు అని ఒక న్యాయనిర్ణేతతో వాదించి ఆ కమిటీలోంచి వచ్చేశాను.

చివర్లో "ఆ రోజు మొదలైన ముసురు మూడు రోజులు వదల్లేదు" అన్నావు. క్యుములోనింబస్‌కి అంత ఓపిక లేదు, గంటా గంటన్నరలో ఖాళీ అయిపోతుంది. ముసురు పట్టే మబ్బు వేరు, అల్పపీడనంతో వచ్చే నింబోస్ట్రేటస్, అంచూ ఆకారమూ లేని బూడిదరంగు దుప్పటి. అది వచ్చే ముందు చాలాసార్లు వరస ఉంటుంది. మొదట ఎత్తున ఈకలు, అవి సిర్రస్, అంతా మంచే. తర్వాత పల్చటి తెర కమ్మి చంద్రుడి చుట్టూ పెద్ద వరదగుడి కడుతుంది. ఆ తర్వాత తెర మందమై, గరుకు అద్దం వెనకాల ఉన్నట్టు సూర్యుడు మసకబారి, నేల మీద నీడలు పోతాయి. ఆ తర్వాతే ముసురు. "గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం" అనేది మా అమ్మమ్మ. చెయ్యి బారగా చాచి వేళ్ళు విప్పితే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా పట్టే దూరంలో కట్టే గుడి మంచు తెరది, దాని వెనకాల చాలాసార్లు వాన ఉంటుంది. చంద్రుణ్ణి అంటుకుని చిన్నగా కట్టేది పల్చటి నీటి మబ్బుది, దాంతో వానేమీ రాదు. అమ్మమ్మకి చదువు రాదు.

ఈ మబ్బులకి పేర్లు పెట్టినవాడైనా పెద్ద యూనివర్సిటీ పండితుడేం కాదు. ల్యూక్ హోవర్డ్ లండన్‌లో మందులు తయారు చేసి అమ్ముకునే మనిషి, చిన్నప్పటి నుంచీ ఆకాశం చూసే అలవాటు. 1802లో స్నేహితుల సభలో ఒక ఉపన్యాసంలో ఈ సిర్రస్, క్యుములస్, స్ట్రేటస్, నింబస్ అనే మాటలు చెప్పాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా లెక్కపెట్టే పది రకాలు వాటిలోంచి అల్లినవే. నువ్వు కథలో ఆ పేర్లు రాయక్కర్లేదు, మొగులు, కారుమబ్బు, ముసురు, జల్లు, మనకి మాటలకేం కొదవ. ఏ మాట ఏ మబ్బుదో తెలిసి రాస్తే చాలు.

ఏ పత్రికకి పంపాలి, సంపుటి ఎప్పుడు వేసుకోవాలి అని అడిగావు. అవి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఆ కథలో అమ్మ మీ అమ్మగారే అని నా నమ్మకం. ఈ ఉత్తరం అందగానే ఆమె దగ్గర కూర్చుని అడుగు. ఆ రోజు ఏ దిక్కు చూసి లేచింది? ఉరుము ముందు విందా, చల్లదనం ముందు తగిలిందా? ముందు ఏ కుప్ప మీద పట్టా కప్పింది, ఆ కుప్పే ఎందుకు? ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టి, నాలుగో పేజీ తీసేసి, కథ మళ్ళీ నాకు పంపు.